ఉప్పుగాలికి సీసీ కెమెరా జాయింట్లు జాగ్రత్త

వైజాగ్‌లో బీచ్‌కి దగ్గర్లో ఇల్లుంటే కెమెరా కన్నా ముందు పాడయ్యేవి దాని వైరు జాయింట్లే. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద కెమెరాకి రెండో వానాకాలానికే బొమ్మలో గీతలు మొదలయ్యాయి. విప్పి చూస్తే బీఎన్‌సీ పిన్ను (వీడియో వైరు చివర తిప్పి బిగించేది) పచ్చగా చిలుం పట్టి ఉంది. ఉప్పుగాలి మహిమ! ఇప్పుడు జాయింట్లన్నీ మూతకి రబ్బరున్న ప్లాస్టిక్ బాక్సులోనే పెట్టిస్తున్నాను. వైరు బాక్సులోకి కింది నుంచే వెళ్లాలి. దానికి ముందు కాస్త వేలాడేలా వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఇంకోటి, పగలు బాగానే ఉండి రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో కనబడటానికి కెమెరాలో ఉండేవి) వెలగగానే కెమెరా ఆగిపోతోందా? సన్న వైరులో 12 వోల్టులు దూరం వెళ్లేసరికి తగ్గిపోతున్నాయేమో చూడండి. రాగి పూతది వద్దు, అచ్చం రాగి వైరే అడగండి.