మసాయి మారాలో చీతాని ఇబ్బంది పెట్టకుండా చూడాలంటే

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి సఫారీకి వెళ్తున్నారా, అయితే ముందు ఇది తెలుసుకోండి, చీతా అంటే మన చిరుతపులి కాదు, కంటి మూల నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లటి చార కనిపిస్తే అదే చీతా.

ఇది ఎక్కువగా పగలే వేటాడుతుంది, అందుకే జీపులకి దొరికిపోతుంది పాపం. జింకని పట్టాక డొక్కలు ఎగరేస్తూ రొప్పుతుంటుంది, వెంటనే తినే ఓపిక కూడా ఉండదు, సరిగ్గా అప్పుడే బళ్ళన్నీ చుట్టుముడితే ఆ సందడికి హైనాలొచ్చి తిండి లాక్కుపోవచ్చు, ఇంక పిల్లలకేం పెడుతుంది చెప్పండి? 2018లో వచ్చిన ఒక స్టడీలో టూరిస్టులు బాగా ఎక్కువున్న చోట ఒక్కో ఈతకి సగటున 0.2 పిల్లలే పెద్దయ్యాయి, తక్కువున్న చోట 2.3. నాకైతే అది చదివాక మనసు చివుక్కుమంది.

కాబట్టి పొద్దున బయల్దేరేముందే డ్రైవర్‌కి చెప్పేయండి, దగ్గరికి పోనివ్వకపోయినా టిప్ తగ్గదు అన్నా అని, ఎందుకంటే చాలామంది మన కోసమే రూల్ దాటతారు. రూలేంటంటే 25 మీటర్ల దూరం, జంతువు దగ్గర 5 బళ్ళకి మించకూడదు. ఆల్రెడీ 5 ఉంటే దూరంగా ఆగండి, బైనాక్యులర్ పట్టుకెళ్ళండి. అది వేటకి పొంచి ఉంటే దాని దారికి అడ్డం పోనివ్వొద్దు, కూనలుంటే తొందరగా కదిలిపోండి.

బస మాత్రం కన్సర్వెన్సీల్లో, అంటే అభయారణ్యం పక్కనే స్థానిక మసాయి తెగవాళ్ళ భూముల్లో జంతువుల కోసం వదిలిన చోట్లలో చూసుకోండి, రేటెక్కువే కానీ ఆ డబ్బులోంచి మసాయి కుటుంబాలకి భూమి లీజు వెళ్తుంది, అప్పుడు వాళ్ళు పొలాలకి కంచెలు వెయ్యక్కర్లేదు, చీతాకి కావాల్సింది ఆ ఖాళీ మైదానమే.