ట్రాక్టర్ వెనక టైర్లు మార్చే ముందు

వెనక టైర్లు గుండు అయిపోగానే చాలామంది షాపుకెళ్లి "పక్కూరాయన ఏది వేయించాడో అదే ఇవ్వు" అంటారు. ఆయన బండి సీజనంతా దామలచెరువు మండీకి మామిడి లోడ్లు తోలుతుంది, మీది ఏర్పేడు పక్క వరి మడిలో దిగుతుంది, రెండింటికీ ఒకే టైరు ఎట్లా సరిపోతుంది? ముందు మీ బండి మడిలో ఎంత తిరుగుతుందో, రోడ్డు మీద ఎంత తిరుగుతుందో తేల్చుకోండి.

అడుసు దున్నే పని ఎక్కువైతే బటన్ (టైరు మీది రబ్బరు గట్లు) ఎత్తుగా, మధ్యలో సందు బాగా ఉన్నది తీసుకోండి, బురద పట్టుకోకుండా రాలిపోతుంది. అదే టైరుతో చెరుకు ట్రైలర్ లాగిస్తే ఎండాకాలం తారు రోడ్డు మీద బటన్ ఊరికే అరిగిపోతుంది. లోడ్లే ఎక్కువంటే బటన్ వెడల్పుగా, దగ్గర దగ్గరగా ఉన్న రకం మేలు. సగం సగమైతే నేను మడి వైపే మొగ్గుతాను. రోడ్డు మీద పోయేది టైరు ఒక్కటే, మడిలో జారితే డీజిలూ పోతుంది, దుక్కీ చెడుతుంది.

సైజు పాత టైరు పక్కనే రాసి ఉంటుంది. 13.6-28 అంటే వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. పక్కనున్న 12 పీఆర్ (ప్లై రేటింగ్) అనేది బరువు మోసే బలం, లోపల నిజంగా 12 పొరలు ఉంటాయని కాదు. లావుగా కనిపిస్తుందని 14.9 ఎక్కించాలనుకుంటే రిమ్ము వెడల్పు సరిపోతుందా, మడ్‌గార్డుకు తగులుతుందా చూసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే ఆ ఆలోచనే వద్దు, ముందు వెనక చక్రాల లెక్క తప్పి గేర్ల మీద భారం పడుతుంది.

సైజులో గీతకు బదులు ఆర్ ఉంటే అది రేడియల్. నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, జారడం తక్కువ, కానీ ధర ఎక్కువ, పక్క గోడలు మెత్తన. రాళ్లు తేలిన ఎర్ర చేలల్లో, కంపముళ్ల దారుల్లో తిరిగే బండికి సైజులో గీత ఉండే మామూలు బయాస్ టైరే నయం.

షాపులో తప్పకుండా చూడాల్సింది తేదీ. పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. షాపు ముందు ఎండలో నిలబెట్టిన టైరైతే బటన్ మొదట్లో గోరుతో నొక్కి చూడండి, సన్నటి పగుళ్లుంటే ఎంత తగ్గించినా వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అదే వేశారా చూడండి. బిల్లు లేకుండా ఇస్తామంటే వారంటీ అడగడానికి ఏమీ మిగలదు.

వెనకవి రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినదైతే ఎత్తు తేడాకి బండి ఒక పక్కకు లాగుతుంది. డబ్బు చాలకపోతే కేసింగ్ (బటన్ కింది టైరు ఒళ్లు) గట్టిగా ఉన్న పాతవాటికి రీబటన్, అంటే కొత్త బటన్ వేయించుకోవచ్చు, పక్క గోడ పగిలినవాటికి మాత్రం దండగ.

బిగించేటప్పుడు రిమ్ము తుప్పు గీకించండి, ట్యూబు కొత్తది వేయించండి, టైరు మీది బాణం బండి ముందుకు తిరిగే వైపే ఉందా చూడండి. తిరగేసి వేస్తే బురదలో పట్టు ఉండదు. గాలి కొడుతున్నప్పుడు ఎదురుగా నిలబడొద్దు. మడిలో వెనక వాటికి మామూలుగా 12 నుంచి 14 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు, లోడు తోలేటప్పుడు కంపెనీ పుస్తకంలో ఉన్నంత పెంచండి. బరువు కోసం నీళ్లు నింపించేవాళ్లు వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, వాల్వు మట్టం దాకానే పోయించాలి, మిగతాది గాలి. మొదటి రోజు పని అయ్యాక చక్రం నట్లు ఇంకోసారి బిగించండి, కొత్తలో వదులయ్యే అవకాశం ఉంటుంది.