రొయ్యల చెరువులో అమ్మోనియా: ముందు మేత తగ్గించండి

అమ్మోనియా పెరిగిందనగానే జియోలైట్ (అమ్మోనియాని పీల్చుకునే ఖనిజం) బస్తాల కోసం పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు ముందు చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం, లేపి చూస్తాను. రెండు గంటలైనా మేత మిగిలి, వేళ్లకి జిగురుగా తగిలితే ఆ పూట మేత సగానికి కోసేస్తాను. 35 శాతం ప్రొటీన్ మేత 100 కిలోలు వేస్తే 5.6 కిలోల నత్రజని చెరువులో పడ్డట్టే. రొయ్య ఒంటికి పట్టేది అందులో కొంతే, మిగతా దాంట్లోంచే అమ్మోనియా పుడుతుంది.

తర్వాత బెల్లం. నీళ్లలో కరిగించి, ఎండెక్కాక, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా చల్లాలి. బాక్టీరియా ఆ తీపి తిని అమ్మోనియాని లాక్కుంటుంది, దాంతోపాటు ఆక్సిజన్‌నీ. అమ్మోనియా రూపంలో ఉన్న కిలో నత్రజనికి దాదాపు 20 కిలోల బెల్లం పడుతుంది, అయినా ఒక్కరోజే గుమ్మరించకండి. ఓసారి తెలివితక్కువగా రాత్రి చల్లాను. తెల్లారేసరికి రొయ్యలు ఆక్సిజన్ చాలక గట్టు పక్కన తేలాయి.

నీళ్ల పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) మధ్యాహ్నం మూడింటికి చూడండి. అది పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషం.