చైనా వైట్ టీ: బెంగళూరు నీళ్ళతో పెట్టుకునే పద్ధతి

వైట్ టీ మొదటిసారి తాగిన మనవాళ్ళు చాలామంది అనేది ఒకటే మాట, "ఇదేంటి, వేన్నీళ్ళు తాగినట్టుంది" అని. నేను కూడా అదే అన్నా. మారతహళ్లి ఫ్లాట్‌లో ఉన్నప్పుడు సిల్వర్ నీడిల్ అనే రకం వైట్ టీ ఒక 50 గ్రాముల ప్యాకెట్ తెప్పించుకుని, ట్యాంకర్ నీళ్ళు కెటిల్‌లో మరిగించి, మామూలు టీపొడి వేసినట్టే ఒక స్పూన్ వేసి రెండు నిమిషాలకి వడకట్టేశా, వాసన లేదు రుచి లేదు, పైన తెట్టులా ఒక పొర మాత్రం కట్టింది. సగం ప్యాకెట్ అలాగే అయిపోయింది. తర్వాత ఒక ఆదివారం మిగతా సగం పట్టుకుని జయనగర్‌లో ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళకి కావేరి నీళ్ళు వస్తాయి, ఆ నీళ్ళతో పెట్టాం, వాడు కొంచెం ఆకు ఎక్కువే వేశాడు కూడా, కప్పులోంచి వచ్చిన వాసనకి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. అదే ప్యాకెట్ అండి. ఆ రోజునుంచీ ఎవరైనా వైట్ టీ చప్పగా ఉందంటే నేను ముందు ఆకు ఎంత వేశారు, నీళ్ళు ఎక్కడివి అనే అడుగుతా.

ముందు అసలు ఇదేం టీనో చెప్పేస్తా. చైనాలో ఫుజియాన్ రాష్ట్రంలో ఫూదింగ్, జెంగ్‌హ అని రెండు ఊళ్ళు, వైట్ టీకి పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. అక్కడ తెల్లటి నూగు బాగా ఉండే రకం తేయాకు చెట్లుంటాయి, లేత బెండకాయ మీద చేతికి తగిలే నూగు ఉంటుంది కదా అలాంటిదే, కాకపోతే ఇంకా మెత్తగా వెండిరంగులో ఉంటుంది, వైట్ టీ అనే పేరు ఆ నూగు వల్లే వచ్చింది, కప్పులో రంగు మాత్రం లేత పసుపే. మన నీలగిరి టీ ప్యాకెట్ల మీద ఆరెంజ్ పెకో అని ఉంటుంది చూడండి, ఆ పెకో అనే మాట కూడా చైనీస్‌లో ఈ తెల్లనూగుకి ఉన్న బాయ్ హావ్ అనే పేరు నుంచి వచ్చిందే.

చేసే పద్ధతి వినడానికి చాలా సింపుల్. కోసిన మొగ్గల్ని వెదురు తట్టల మీద పల్చగా పరిచి ఒకటిన్నర రోజు నుంచి మూడు రోజుల దాకా వాడబెడతారు, తర్వాత సన్నటి వేడి మీద ఆరబెడతారు, అంతే. గ్రీన్ టీలాగా వేడి మూకుట్లో వేయించరు, మామూలు టీలాగా నలపరు. ఈ నలపకపోవడం అనేది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనం టీ పెట్టే పద్ధతంతా దీనిమీదే నడుస్తుంది. నలిపిన ఆకు పగిలి ఉంటుంది కాబట్టి నీళ్ళు తగలగానే సారం వదిలేస్తుంది, ఇది పగలని ఆకు, నిదానంగా ఇస్తుంది. పైగా తేలిక, ఒక స్పూన్ మామూలు సీటీసీ టీపొడి ఎంత బరువుంటుంది, ఒక స్పూన్ ఈ మొగ్గలు ఎంత ఉంటాయి, ఒక గ్రాము వస్తే గొప్ప. అందుకే స్పూన్ లెక్క వద్దు. గ్రాములో పదోవంతు చూపించే చిన్న వెయింగ్ మెషిన్ ఒకటి కొనుక్కోండి, ఈ టీ పెట్టుకునే మూత కప్పు, గైవాన్ అంటారు, దానికంటే ముందు అదే కొనమంటా నేను.

రకాలు మూడు తెలిస్తే చాలు. ఒట్టి మొగ్గలతో చేసేది బాయ్ హావ్ యిన్ జెన్, అంటే సిల్వర్ నీడిల్. మొగ్గతో పాటు ఒకటి రెండు ఆకులు కూడా ఉండేది బాయ్ మూ దాన్, వైట్ పియోనీ అని అమ్ముతారు. ముదురాకు ఎక్కువుండేది షౌ మేయ్. కొత్తవాళ్ళకి నేను చెప్పేది బాయ్ మూ దాన్‌తో మొదలుపెట్టమని, సిల్వర్ నీడిల్ కంటే చౌక, రుచి కూడా త్వరగా దొరుకుతుంది, చిన్న చిన్న తప్పులు క్షమిస్తుంది. నాలుక అలవాటయ్యాక సిల్వర్ నీడిల్‌కి వెళ్ళండి. వసంతకాలంలో కోసినదే మేలైనది, మనకి ఉగాది వచ్చే రోజుల్లోనే, మార్చి చివర ఏప్రిల్ మొదట్లో, అక్కడ మొగ్గలు కోస్తారు. కొనేటప్పుడు ఏ ఊరిది, ఏ ఏడాది కోత అని అడగండి, 25 గ్రాములే తీసుకోండి. మొగ్గలు లావుగా, నూగు చెదరకుండా, విరిగిన ముక్కలు లేకుండా ఉండాలి, వాసన చూస్తే ఎండుగడ్డిలా తియ్యగా రావాలి. సూపర్‌మార్కెట్‌లో నిమ్మకాయ ఫ్లేవర్ వేసిన వైట్ టీ బ్యాగులుంటాయి, వాటితో ఈ టీ గురించి ఒక అభిప్రాయానికి రావద్దు దయచేసి. చైనాది దొరక్కపోతే నీలగిరుల్లో కూడా మొగ్గలతో వైట్ టీ చేస్తున్నారు, చెట్టు వేరు కాబట్టి రుచి వేరు, కానీ చెయ్యి తిరగడానికి బాగుంటుంది.

ఇప్పుడు నీళ్ళు. బెంగళూరులో ఇదే సగం పని. బోర్ నీళ్ళలో, ట్యాంకర్ నీళ్ళలో కాల్షియం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టేది అదే, టీలో అది వాసనని అణిచేస్తుంది, రంగు మాత్రం ముదురు చేస్తుంది, పైన తెట్టు కట్టేది కూడా దానివల్లే. మారతహళ్లి ఫ్లాట్‌లో టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించేది, పెట్టి చూస్తే 700 దాటింది. సరే అని ఆర్ఓ నీళ్ళతో పెడితే ఇంకో బాధ, మరీ తక్కువుంటే టీ బోసిగా ఉంటుంది, రుచికి ఒళ్ళుండదు, అంటే చిక్కదనం రాదు. 50 నుంచి 150 మధ్యలో ఉండే నీళ్ళతో నాకు బాగా కుదిరింది. కావేరి నీళ్ళు వచ్చేవాళ్ళు ఫిల్టర్ చేసి అవే వాడుకోండి. రానివాళ్ళు ఆర్ఓ నీళ్ళలో కొద్దిగా ఫిల్టర్ చేసిన మామూలు నీళ్ళు కలుపుకుని మీటర్‌తో చూసుకోండి, లేదంటే ఇంట్లో వాడే క్యాన్ నీళ్ళు రెండు మూడు కంపెనీలవి తెచ్చి పక్కపక్కన పెట్టి తాగి చూడండి, ఒక సాయంత్రం పడుతుంది, తేడా మీకే తెలుస్తుంది. పొద్దున్న మరిగించి చల్లారిన నీళ్ళని మళ్ళీ మరిగించొద్దు, తాజావి పొయ్యండి.

వేడి సంగతి. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, చెన్నైలో అయితే నూరు. కొత్త సిల్వర్ నీడిల్‌కి 85, బాయ్ మూ దాన్‌కి 90 అనేది నా లెక్క, థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్ళని ఒక పింగాణీ జగ్గులోకి వంచి, ఒక నిమిషం ఆగి, అందులోంచి పొయ్యండి, దగ్గర దగ్గర సరిపోతుంది. చైనాలో మరిగే నీళ్ళే నేరుగా పోసేవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, అది తప్పేం కాదు, మంచి ఆకైతే తట్టుకుంటుంది, కాకపోతే టైమ్ బాగా తగ్గించాలి, కొత్తవాళ్ళ చేతిలో వగరెక్కే ఛాన్స్ ఎక్కువ.

గైవాన్ అంటే సాసర్, మూత ఉన్న పింగాణీ కప్పు, 100 నుంచి 120 మిల్లీలీటర్లది చాలు. ముందు అందులో వేడినీళ్ళు పోసి తిప్పి పారబోయండి, బెంగళూరు డిసెంబర్ పొద్దుల్లో చల్లటి పింగాణీ వేడంతా లాగేసుకుంటుంది. ఆ వేడి ఖాళీ గైవాన్‌లో 5 గ్రాముల ఆకు వేసి మూతపెట్టి, పది సెకన్లు ఆగి, మూత కొంచెం తీసి వాసన చూడండి. తొందరపడి నీళ్ళు పోసేయకండి, ఈ వాసన మళ్ళీ రాదు. తర్వాత నీళ్ళు అంచు వెంబడి సన్నటి ధారగా పొయ్యండి, నెత్తిమీద కుమ్మరిస్తే నూగంతా రేగిపోతుంది. మొదటిసారి 40 సెకన్లు. ఆకు అప్పటికి తడిసి విచ్చుకుంటుంది కాబట్టి రెండోసారికి 30 చాలు, అక్కడినుంచి ప్రతిసారీ ఒక 15 సెకన్లు పెంచుకుంటూ పోండి, మంచి ఆకు ఆరేడు సార్లు వస్తుంది. ప్రతిసారీ నీళ్ళు పూర్తిగా వంచెయ్యాలి, అడుగున మిగిలితే తర్వాతది చేదెక్కుతుంది.

గైవాన్ లేదంటే ఒక పొడుగాటి గాజు గ్లాసు తీసుకుని, 3 గ్రాములు వేసి, 200 మిల్లీలీటర్లు పోసి నాలుగైదు నిమిషాలు వదిలెయ్యండి. సిల్వర్ నీడిల్‌కైతే నాకు గాజు గ్లాసే ఇష్టం అసలు, మొగ్గలు ముందు పైన తేలతాయి, తర్వాత ఒక్కొక్కటీ నిటారుగా నిలబడి మెల్లగా కిందికి దిగుతాయి, వడకట్టకుండా అలాగే తాగుతూ మూడోవంతు మిగిలినప్పుడు మళ్ళీ వేడినీళ్ళు పోసుకోవచ్చు. పాలు, పంచదార, అల్లం ఏమీ వద్దు. అల్లం టీ అంటే నాకూ ప్రాణమే, అది వేరే గ్లాసులో.

రుచి చూడటానికి నోరు ఖాళీగా ఉండాలి. మెస్‌లో గోంగూర పచ్చడి, పప్పుపొడి వేసుకుని తిని వచ్చి ఇది తాగితే ఏమీ తెలీదు, ఫిల్టర్ కాఫీ తాగిన వెంటనే కూడా తెలీదు, బ్రష్ చేసిన వెంటనే అసలు వద్దు. ఇడ్లీ తిన్నాక ఒక గంటన్నరకి, పదీ పదిన్నర మధ్య నాకు బాగుంటుంది. పక్కన అగరుబత్తి వెలుగుతుంటే అది ఆరాక మొదలుపెట్టండి. పొగలు కక్కుతున్నప్పుడు తాగొద్దు, కాస్త గోరువెచ్చనయ్యాక చిన్న గుక్క తీసుకుని, గాలితో పాటు జుర్రి, నాలుకంతా తాకనిచ్చి మింగండి. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి, సగం రుచి అక్కడే దొరుకుతుంది.

ఇక ఏం వెతకాలి అనేది. ప్యాకెట్ల మీద హనీడ్యూ, కుకుంబర్, హే అని రాస్తారు, నేను కూడా చాలా రోజులు అవే పదాలు పట్టుకుని వెతికా. ఒకసారి మా పిన్ని ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా రెండో కప్పు ఇచ్చా, ఆవిడ రెండు గుక్కలు తాగి కాసేపు ఆలోచించి "తాటిముంజలు ఒలిచాక చేతికుండే వాసన ఇది, అవునా కాదా చెప్పరా" అంది. నిజంగా అదే. ఆ లేత తియ్యదనం, నీళ్ళదనం, వెనకాల కొంచెం పచ్చివాసన, నాకు ఏళ్ళుగా దొరకని మాట ఆవిడకి ఒక్క కప్పులో దొరికింది. అప్పట్నుంచీ నేను మన తిండిలోంచే పదాలు తీసుకుంటున్నా. కొత్త సిల్వర్ నీడిల్‌లో ముంజలు, లేత దోసకాయ, ఒక్కోసారి కొబ్బరినీళ్ళు. బాయ్ మూ దాన్‌లో పండిన ఖర్బూజా, అప్పుడే కోసి ఎండేసిన గడ్డి, కొంచెం పువ్వు వాసన. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగితే గొంతులో తీపి పుడుతుంది కదా, అలాంటి తీపి దీనిలో కూడా మింగిన నిమిషానికి వస్తుంది, చైనావాళ్ళు దాన్ని హుయ్‌గాన్ అంటారు, తిరిగొచ్చే తీపి అని అర్థం. ఉగాది పచ్చడిలో మామిడి వగరునీ చింతపండు పులుపునీ విడివిడిగా పట్టుకునే నాలుక మనది, దీనికి కావాల్సింది అదే నాలుక, కాస్త ఓపికగా.

తేడా కొడితే ఇలా సరిచేసుకోండి. నోరు పట్టేసినట్టు వగరుగా ఉంటే వేడి తగ్గించండి, అదీ చాలకపోతే టైమ్. నీళ్ళలా ఉంటే ఆకు పెంచండి, టైమ్ పెంచితే వగరే పెరుగుతుంది, ఒళ్ళు రాదు. పొడి ఆకు వాసన బాగుండి కప్పులో రుచి మొద్దుగా ఉంటే నీళ్ళని అనుమానించండి. గోనెసంచి వాసనొస్తే ఆకు చెమ్మ పట్టింది, దాన్ని ఏం చేసినా బాగుపడదు.

దాచే విషయంలో మన వంటిల్లు దీనికి శత్రువు. ఇంగువ డబ్బా, పోపులపెట్టె, కర్పూరం, వీటి దగ్గర పెడితే నెలలోపు ఆ వాసనంతా ఆకు పీల్చేసుకుంటుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి బట్టల బీరువాలో పెట్టండి, కలరా ఉండలు లేని అరలో. బెంగళూరులో వానాకాలం ఒక్కటి జాగ్రత్తగా ఉంటే చాలు, చెన్నైలో ఏడాదంతా చెమ్మే కాబట్టి అక్కడివాళ్ళు చిన్న చిన్న కవర్లలో సీల్ చేసుకోవడం మంచిది. బాగా దాచిన వైట్ టీ పాతదయ్యేకొద్దీ మారుతుంది, ఏడాదికి టీ, మూడేళ్ళకి మందు, ఏడేళ్ళకి నిధి అని అక్కడో మాటుంది, మందు అన్నారని జబ్బులకి వాడకండి, రుచి కోసం తాగండి. పాత షౌ మేయ్ అయితే కేకుల్లా నొక్కి అమ్ముతారు, 5 గ్రాములు విరిచి అర లీటరు నీళ్ళలో సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు కాగబెడితే ఖర్జూరం, పాత బెల్లం వాసన వస్తుంది, ముసురు పట్టిన రోజు ఇంతకంటే మంచిది లేదు. పదేళ్ళది పదిహేనేళ్ళది అని చెప్పి చౌకగా ఇస్తుంటే మాత్రం నమ్మొద్దు. ఇంకొకటి, వైట్ టీలో కెఫీన్ ఉండదనుకుని రాత్రి పదింటికి తాగకండి, లేత మొగ్గల్లో కెఫీన్ బాగానే ఉంటుంది.

ఎండాకాలంలో కెటిల్ జోలికి పోబుద్ధి కాకపోతే, ఒక లీటరు గాజు సీసాలో మంచి నీళ్ళు పోసి 6 గ్రాముల బాయ్ మూ దాన్ వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నకి ఎనిమిది గంటలవుతుంది, వడకట్టేసి ఆ రోజే తాగేయండి. వగరనేది దాదాపు ఉండదు, తీపి ఒక్కటే వస్తుంది. ఆఫీసుకి అదే సీసా పట్టుకెళ్తా నేను, పక్క సీట్ల వాళ్ళు ఒక్కసారి రుచి చూశాక నాకు రెండు సీసాలు తేవాల్సొస్తోంది.