ములాఖత్‌కి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు: ఇంకొకరి మూట పట్టుకోకండి

చెప్పుల్లో గంజాయి దాచి జైలు గేటు దగ్గర పట్టుబడ్డారన్న వార్తలు అడపాదడపా వస్తూనే ఉన్నాయి. పట్టుబడేవాళ్లలో కావాలని తెచ్చినవాళ్లూ ఉంటారు, చేతిలో ఏముందో తెలియని తల్లులూ భార్యలూ ఉంటారు. ఇది ఆ రెండోవాళ్ల కోసం. కత్తులూ మందు సీసాలూ తీసుకెళ్లకూడదని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కొంపలు ముంచే తప్పు ఒకటుంది. లైన్లో నిలబడి ఉండగా ఎవరో వస్తారు. ‘అక్కా, మావాడూ ఈ జైల్లోనే ఉన్నాడు. ఆధార్ మర్చిపోయి వచ్చా, నన్ను లోపలికి పంపట్లేదు. ఈ చెప్పుల జత మీవాడికిస్తే మావాడికి అందిస్తాడు’ అంటారు. పాపం అనిపిస్తుంది. తీసుకోకండి. చెప్పు అట్టను మధ్యకి కోసి, పొట్లం పెట్టి, మళ్లీ గమ్ముతో అతికిస్తారు. పైకి కొత్త జతలాగే ఉంటుంది. ప్యాంటు నడుంపట్టీ, చొక్కా కాలరు, సబ్బు, అడుగు మడత విప్పి మళ్లీ మడిచిన టూత్‌పేస్టు, అన్నీ ఇదే పనికి వాడతారు. మీవాడి స్నేహితులు ఇంటికి తెచ్చిచ్చిన బట్టలైనా అంతే.

‘నాకు తెలియదు’ అంటే సరిపోదు. మాదకద్రవ్యాల చట్టం (1985) ప్రకారం సరుకు మీ దగ్గర దొరికితే, తెలిసే తెచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరే. కిలోలోపు గంజాయికి కూడా ఏడాది వరకు కఠిన జైలు, 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అది కాక 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ ఉంది. నిషేధించిన వస్తువు లోపలికి తెచ్చినా, బయటికి తీసుకెళ్లినా ఆరు నెలల వరకు శిక్ష. పేరు చెప్పి పంపినవాడు ఆ పాటికి ఊళ్లో ఉండడు.

మందుల దగ్గర చాలామంది పొరబడతారు. రోజూ వేసుకునేవే కదా అని మాత్రలు విడిగా కాగితంలో చుట్టి తేకండి. ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు, ట్రమడాల్ నొప్పిమాత్రలు కూడా మాదకద్రవ్యాల చట్టం కిందికే వస్తాయి. డాక్టరు చీటీ తీసుకెళ్లి జైలు డాక్టరుకి అందేలా చూడండి, ఏం ఇవ్వాలో ఆయన నిర్ణయిస్తారు. మీ సొంత బీపీ, షుగరు మాత్రలుంటే తనిఖీకి ముందే చెప్పండి.

ఇంటి భోజనం విషయానికొస్తే, విచారణ ఖైదీకి బయటి తిండీ బట్టలూ అనుమతించే వీలు చట్టంలో ఉంది, కానీ అనుమతి ముందు తెచ్చుకోవాలి. పచ్చడి జాడీతో నేరుగా గేటుకొస్తే వెనక్కి మోసుకుపోవాల్సిందే. బట్టలు, పళ్లు ఏవి తీసుకుంటారో జైలును బట్టి మారుతుంది, గేటు దగ్గరే అడగండి. డబ్బు ఖైదీ ఖాతాలో జమ కట్టి రసీదు తీసుకోండి. చేతికివ్వకండి.

తనిఖీ చేస్తామంటే ఒప్పుకోండి, కాదంటే లోపలికి పంపకపోవచ్చు. ఆడవాళ్లను ఆడ సిబ్బందే తనిఖీ చేయాలని అడగండి. ఖైదీల ముందు, వేరే సందర్శకుల ముందు చేయకూడదని చట్టంలోనే ఉంది.

కోర్టు వరండాలో, ఆసుపత్రి వార్డులో అయితే ఫర్వాలేదనుకుంటారు. ఫర్వా ఉంది. జైలు బయట ఖైదీకి అందించినా అదే 42వ సెక్షన్. బీడీకట్ట కూడా ఇవ్వకండి. ఎస్కార్టు కానిస్టేబులు చూసీ చూడనట్టు ఉన్నా సరే.

బయల్దేరే ముందు జేబులన్నీ దులపండి. ఖైనీ, గుట్కా, అగ్గిపెట్టె, లైటరు ఇంట్లోనే. ఫోను, స్మార్ట్ వాచీ, విడి సిమ్ము, మెమరీ కార్డు లోపలికి వద్దు. పర్సు మడతల్లో పాత సిమ్ముంటే తీసేయండి. పిల్లల జేబులూ చూడండి. ఒరిజినల్ ఆధార్ పెట్టుకోండి. వేరేవాళ్ల పేరు చెప్పి వెళ్లకండి. లోపల ఎవరైనా చీటీ ఇస్తే బయటికి తేకండి. గోడ మీంచి ఏదీ విసరకండి. బేరం మాట్లాడే దళారీతో పలకకండి. అపరిచితుల చెప్పులు వద్దు, బంధువులు కుట్టించి పంపిన ప్యాంటూ వద్దు. ఎవరి మూటా వద్దు.

ఇప్పటికే తీసుకుని లైన్లో ఉన్నారా? విప్పకండి, చెత్తబుట్టలో పడేయకండి, కెమెరాలో కనిపించేది మీ చేతులే. తనిఖీ మొదలవకముందే గేటు సిబ్బందిని పిలిచి, ఇది నాది కాదు, ఫలానా మనిషి ఇచ్చాడు అని ఆ మనిషిని చూపించండి.