వింబుల్డన్ పురుషుల సింగిల్స్ విజేతల పట్టిక: తప్పు దొర్లకుండా తయారుచేసుకునే పద్ధతి

వింబుల్డన్ విజేతల జాబితా వెతకాలే గానీ ఎక్కడైనా దొరుకుతుంది. కాపీ చేసి అతికించుకోవడం రెండు నిమిషాల పని. చిక్కల్లా ఆ తర్వాతే. పోటీ పరీక్షల నోట్సుల్లో, క్విజ్ పేపర్లలో, చేతులు మారుతూ తిరిగే పీడీఎఫ్‌లలో ఎక్కడో ఒకచోట ఏడాది జరిగిపోయి ఉంటుంది. లేదంటే గోర్ అనే ఒకే ఇంటిపేరున్న ఇద్దరు విజేతల్లో ఒకరి టైటిల్ ఇంకొకరి ఖాతాలో పడి ఉంటుంది. పైనుంచి కిందికి వరసగా రాసుకుపోతే ఇలాంటి తప్పు కంటికి ఆనదు. పట్టికను కాలాన్నిబట్టి ముక్కలు చేసి, ఏ ముక్కకా ముక్కను కూడికతో సరిచూసుకుంటే అక్కడే పట్టుబడుతుంది. కింది లెక్కలన్నీ 2025 టోర్నీ వరకు.

ముందు ఖాళీ పట్టిక వేసుకోండి

గూగుల్ షీట్స్‌లోనో ఎక్సెల్‌లోనో ఆరు నిలువు వరసలు పెట్టండి: సంవత్సరం, విజేత, దేశం, రన్నరప్, స్కోరు, గమనిక. సంవత్సరం కింద 1877 నుంచి 2025 దాకా అంకెలు దింపితే 149 అడ్డవరసలు వస్తాయి. పేర్ల జోలికి వెళ్లకముందే టోర్నీ జరగని పదకొండేళ్లకు ఎదురుగా ‘జరగలేదు’ అని రాసేయండి. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1918 వరకు నాలుగు, రెండో యుద్ధం వల్ల 1940 నుంచి 1945 వరకు ఆరు, కోవిడ్ వల్ల 2020 ఒకటి. 149లోంచి 11 తీస్తే 138. పేర్లు నింపడం పూర్తయ్యాక విజేతల వరసలో సరిగ్గా 138 ఉండాలి.

ఆ పదకొండు వరసల్ని తీసేయకండి. తీసేస్తే పేర్లన్నీ ఒకేసారి అతికించినప్పుడు 1919 విజేత 1915కు ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. ఏళ్లు జరిగిపోయిన జాబితాల్లో చాలావాటి జబ్బు ఇదే.

స్కోరు వరసను ముందుగానే ‘టెక్స్ట్’ ఫార్మాట్‌లోకి మార్చండి. ఒక్కో సెట్‌ను ఒక్కో గడిలో వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 6-4 అని కొట్టగానే షీట్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. తర్వాత ఫార్మాట్ మార్చినా పాత స్కోరు తిరిగి రాదు, ఏదో ఐదంకెల సంఖ్య మిగులుతుంది.

పేరు ఎలా రాయాలో ఒక్కసారి నిర్ణయించుకుని దానికే కట్టుబడండి. మన పత్రికల్లో జొకోవిచ్, జకోవిచ్, జోకోవిచ్ మూడూ కనిపిస్తాయి. ఏది రాసినా పరవాలేదు గానీ ఒకే షీట్‌లో రెండు రకాలుగా రాస్తే, ఒక పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ‘కౌంట్‌ఇఫ్’ ఫార్ములా ఏడు టైటిళ్లను ఐదూ రెండుగా చీల్చేస్తుంది. ఇంటిపేరొక్కటే రాయడమూ ప్రమాదమే. స్పెన్సర్ గోర్ (1877), ఆర్థర్ గోర్ (1901, 1908, 1909) వేర్వేరు మనుషులు. డాన్ బడ్జ్ (1937, 1938), బడ్జ్ ప్యాటీ (1950) కూడా అంతే. రెన్‌షాలు ఇద్దరు, డోహెర్టీలు ఇద్దరు, వాళ్లు అన్నదమ్ములు.

1877–1914: 38 టోర్నీలు, 15 మంది

ఎక్కువ తప్పులు జరిగేది ఈ ముక్కలోనే. అప్పటి పద్ధతి వేరు. 1878 నుంచి 1921 వరకు కిందటేడు గెలిచినవాడు మొదటి రౌండు నుంచి ఆడనక్కర్లేదు. మిగతావాళ్లందరూ తమలో తాము ఆడి ‘ఆల్ కమర్స్’ ఫైనల్ దాకా వస్తారు. అందులో నెగ్గినవాడు పాత విజేతతో ఒక్క మ్యాచ్ ఆడతాడు. దాని పేరు ఛాలెంజ్ రౌండ్. టైటిల్ ఎవరిదో అక్కడ తేలుతుంది.

దీనివల్ల ఒక్కో ఏడాదికి రెండు ‘ఫైనళ్లు’ కనిపిస్తాయి, రన్నరప్ ఎవరన్న దగ్గర గందరగోళం మొదలవుతుంది. 1878 చూడండి. ఫ్రాంక్ హాడో ఆల్ కమర్స్ ఫైనల్లో ఎర్‌స్కిన్‌ను ఓడించాడు. తర్వాత ఛాలెంజ్ రౌండ్‌లో స్పెన్సర్ గోర్‌ను 7-5, 6-1, 9-7తో ఓడించాడు. రన్నరప్ గడిలో రాయాల్సింది గోర్ పేరు. మరుసటేడు హాడో టైటిల్ నిలబెట్టుకోవడానికి రాలేదు. పాత విజేత రాకపోతే ఛాలెంజ్ రౌండ్ ఉండదు, ఆల్ కమర్స్ ఫైనల్లో గెలిచినవాడే విజేత. అలా 1879లో జాన్ హార్ట్‌లీ గెలిచాడు, రన్నరప్ గూల్డ్. కాబట్టి ఈ ముక్కలో ‘గమనిక’ గడి ఖాళీగా వదలొద్దు. ఛాలెంజ్ రౌండ్ జరిగిందా, పాత విజేత రాలేదా అన్నది ప్రతి ఏడాదికీ రాసుకోండి.

వరస ఇదీ: 1877 స్పెన్సర్ గోర్, 1878 హాడో, 1879–80 హార్ట్‌లీ, 1881–86 విలియం రెన్‌షా, 1887 లాఫోర్డ్, 1888 ఎర్నెస్ట్ రెన్‌షా, 1889 మళ్లీ విలియం, 1890 హామిల్టన్, 1891–92 విల్‌ఫ్రెడ్ బాడ్లీ, 1893–94 జాషువా పిమ్, 1895 మళ్లీ బాడ్లీ, 1896 మహోనీ, 1897–1900 రెజ్జీ డోహెర్టీ, 1901 ఆర్థర్ గోర్, 1902–06 లారెన్స్ డోహెర్టీ, 1907 నార్మన్ బ్రూక్స్, 1908–09 ఆర్థర్ గోర్, 1910–13 ఆంథనీ వైల్డింగ్, 1914 మళ్లీ బ్రూక్స్.

విలియం రెన్‌షా ఏడు టైటిళ్లను శాంప్రస్ ఏడుతో, జొకోవిచ్ ఏడుతో పక్కపక్కన పెట్టేటప్పుడు ఆయన వాటిలో ఐదు ఒక్కో మ్యాచ్‌తో నిలబెట్టుకున్నవని (1882 నుంచి 1886) గమనికలో ఉండాలి. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు, చదివేవాడికి పూర్తి సంగతి తెలియాలి కదా. పైగా 1889లో ఆయన ఆల్ కమర్స్ అంతా ఆడుకుంటూ వచ్చి, చివరికి సొంత కవల సోదరుడు ఎర్నెస్ట్‌ను ఓడించి టైటిల్ తీసుకున్నాడు. 1907లో బ్రూక్స్ గెలిచేదాకా బ్రిటిష్ దీవుల బయటివాడెవడూ ఈ టైటిల్ గెలవలేదు. వైల్డింగ్ న్యూజిలాండ్ వాడు, ఆస్ట్రేలియా అని రాసేయకండి. ఆర్థర్ గోర్ 1909లో గెలిచినప్పుడు వయసు 41. అతి పెద్ద వయసు విజేత ఇప్పటికీ ఆయనే.

1919–1939: 21 టోర్నీలు, 12 మంది

1919 జెరాల్డ్ ప్యాటర్సన్, 1920–21 బిల్ టిల్డెన్, 1922 మళ్లీ ప్యాటర్సన్, 1923 బిల్ జాన్‌స్టన్. ఛాలెంజ్ రౌండ్ 1921తో ఆఖరు. 1922లో టోర్నీ వోర్పుల్ రోడ్ నుంచి ఇప్పటి చర్చ్ రోడ్‌కు మారింది. ఆ యేటి నుంచి పాత విజేత కూడా మొదటి రౌండు నుంచి ఆడాల్సిందే.

1924 నుంచి 1929 వరకు ఫ్రాన్స్ వాళ్లవే: బోరోట్రా, లకోస్ట్, బోరోట్రా, కోషే, లకోస్ట్, కోషే. ముగ్గురూ తలా రెండు. అప్పటి ఫ్రాన్స్ మేటి ఆటగాళ్లు నలుగురిని కలిపి పిలిచే ‘నలుగురు మస్కటీర్లు’ అన్న మాట విని నాలుగోవాడైన బ్రూన్యోన్‌ను కూడా కొందరు చేర్చేస్తారు. ఆయన డబుల్స్ ఆటగాడు, ఇక్కడ సింగిల్స్ గెలవలేదు.

1930 టిల్డెన్. 1931 సిడ్నీ వుడ్, ఈ ఏడాది స్కోరు గడిలో ‘వాకోవర్’ అని రాయాలి. ఫైనల్‌కు చేరిన ఫ్రాంక్ షీల్డ్స్ గాయంతో ఆడలేదు. స్కోరు దొరకలేదనుకుని ఎక్కడెక్కడో వెతక్కండి, అసలు లేదు. 1932 వైన్స్, 1933 క్రాఫోర్డ్, 1934–36 ఫ్రెడ్ పెర్రీ, 1937–38 డాన్ బడ్జ్, 1939 బాబీ రిగ్స్. పెర్రీ తర్వాత మరో బ్రిటిష్ విజేత కోసం 2013లో ఆండీ మర్రే దాకా, అంటే 77 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

1946–1967: 22 టోర్నీలు, 19 మంది

1946 నుంచి 1955 వరకు పదేళ్లలో పది మంది: పెట్రా, క్రేమర్, ఫాల్కెన్‌బర్గ్, ష్రోడర్, బడ్జ్ ప్యాటీ, శావిట్, సెడ్జ్‌మన్, సీక్సస్, డ్రోబ్నీ, ట్రాబర్ట్. ఈ దశకంలో ఏ పేరైనా రెండుసార్లు వచ్చిందంటే తప్పు రాశారన్నమాట.

ఇన్ని పేర్లు మారడానికి ముఖ్యమైన కారణం అప్పటి నియమం. 1967 వరకు వింబుల్డన్‌లో అమెచ్యూర్లకే, అంటే ఆటను డబ్బు సంపాదనగా పెట్టుకోనివాళ్లకే చోటు. గెలిచి పేరొచ్చాక డబ్బు కోసం ప్రొఫెషనల్‌గా మారినవాడికి తలుపు మూసేవారు. క్రేమర్, సెడ్జ్‌మన్, ట్రాబర్ట్ అలాగే వెళ్లిపోయారు.

తర్వాత 1956–57 లూ హోడ్, 1958 యాష్లీ కూపర్, 1959 ఒల్మెడో, 1960 నీల్ ఫ్రేజర్, 1961–62 రాడ్ లేవర్, 1963 మెకిన్లీ, 1964–65 ఎమర్సన్, 1966 శాంటానా, 1967 న్యూకోంబ్. దేశం గడిలో జాగ్రత్త పడాల్సింది 1954 డ్రోబ్నీ దగ్గర. పుట్టింది ప్రాగ్‌లో, గెలిచినప్పుడు ఆడింది ఈజిప్ట్ తరఫున. గెలిచిన రోజున ఏ దేశం తరఫున ఆడాడో అదే రాయడం సరైన పద్ధతి. అందుకే బెకర్ మూడు టైటిళ్లకూ పశ్చిమ జర్మనీ, 1991 స్టిక్‌కు జర్మనీ, 1973 కొడెష్‌కు చెకోస్లొవేకియా.

1968 నుంచి: 57 టోర్నీలు, 23 మంది

ఓపెన్ యుగం, అంటే ప్రొఫెషనల్స్‌కు కూడా తలుపు తెరిచిన కాలం. దీన్ని ఆరు చిన్న ముక్కలు చేస్తే నోటికి కూడా వచ్చేస్తుంది.

1968–75, ఎనిమిది: లేవర్ రెండు, న్యూకోంబ్ రెండు (1970–71), స్టాన్ స్మిత్, కొడెష్, కానర్స్, ఆర్థర్ ఆష్. లేవర్ మొత్తం టైటిళ్లు నాలుగు, ఓపెన్ యుగంలో రెండే. ప్రొఫెషనల్‌గా మారడంతో 1963 నుంచి 67 వరకు ఐదేళ్లు ఇక్కడ ఆడే వీలు లేకపోయింది. తలుపు తెరిచిన ఏడాదే వచ్చి గెలిచాడు. న్యూకోంబ్ మొత్తం మూడు, ఓపెన్ యుగంలో రెండు. ప్రశ్నలో ‘ఓపెన్ యుగంలో’ అన్న మాట ఉందో లేదో చూసి జవాబివ్వాలి.

1976–84, తొమ్మిది, ముగ్గురే: బోర్గ్ ఐదు, 1981 మెకన్రో, 1982 కానర్స్, 1983–84 మెకన్రో.

1985–92, ఎనిమిది: బెకర్, బెకర్, క్యాష్, ఎడ్బర్గ్, బెకర్, ఎడ్బర్గ్, స్టిక్, అగస్సీ. 1988 నుంచి 90 వరకు మూడు ఫైనళ్లూ బెకర్, ఎడ్బర్గ్ మధ్యే జరిగాయి. 88, 90 ఎడ్బర్గ్‌వి, మధ్యలోది బెకర్‌ది.

1993–2002, పది: శాంప్రస్ ఏడు. మధ్యలో 1996 ఒక్కటే క్రాయ్‌చెక్‌ది, క్వార్టర్ ఫైనల్లో శాంప్రస్‌ను ఓడించింది కూడా ఆయనే. 2001 ఇవానిసెవిచ్, వైల్డ్ కార్డ్‌తో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటుతో) వచ్చి గెలిచాడు. 2002 హెవిట్.

2003–22, పందొమ్మిది, నలుగురే. ఫెదరర్ 8, జొకోవిచ్ 7, నడాల్ 2, మర్రే 2, కూడితే 19. ఫెదరర్ 2003–07, 2009, 2012, 2017. నడాల్ 2008, 2010. మర్రే 2013, 2016. జొకోవిచ్ 2011, 2014, 2015, 2018, 2019, 2021, 2022. 2012 దగ్గర మర్రే పేరు రాసేవాళ్లు చాలామంది. ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ చేతిలో మర్రే ఓడాడు. నాలుగు వారాల తర్వాత అదే సెంటర్ కోర్టులో ఒలింపిక్స్ ఫైనల్లో ఫెదరర్‌ను ఓడించి స్వర్ణం గెలిచాడు. రెండూ వేర్వేరు పోటీలు.

2023–25, మూడు: అల్కరాజ్ రెండు, సినర్ ఒకటి.

స్కోరు గడిలో కనిపించే వింతలు

స్కోరెప్పుడూ విజేత వైపు నుంచే రాస్తారు. 2025 స్కోరు 4-6తో మొదలవుతుందంటే మొదటి సెట్ సినర్ పోగొట్టుకున్నాడని అర్థం. తర్వాత మూడూ 6-4.

1973లో కొడెష్ 6-1, 9-8, 6-3తో మెత్రెవెలీని ఓడించాడు. ఆ 9-8 అచ్చుతప్పు కాదు, దిద్దకండి. 1971లో టై బ్రేక్ (గేమ్‌లు సమమైనప్పుడు సెట్‌ను పాయింట్లతో తేల్చే ఆఖరి గేమ్) తెచ్చినప్పుడు దాన్ని 8-8 దగ్గర ఆడేవారు, 1979 నుంచి 6-6కు మార్చారు. అయిదో సెట్‌కు మాత్రం టై బ్రేక్ ఉండేది కాదు. అందుకే 2008లో 9-7, 2009లో 16-14 కనిపిస్తాయి. 2019లో అయిదో సెట్ 12-12 అయితే టై బ్రేక్ అన్నారు, ఆ యేటి ఫైనలే దానికి చిక్కింది: జొకోవిచ్ 13-12. 2022 నుంచి అయిదో సెట్‌లో 6-6 దగ్గర పది పాయింట్ల టై బ్రేక్.

బ్రాకెట్‌లో ఒక్క అంకే ఉంటే అది టై బ్రేక్ ఓడినవాడి పాయింట్లు. 7-6 (5) అంటే 7-5. అంకె ఆరో అంతకన్నా ఎక్కువో అయితే దానికి రెండు కలపాలి. 6-7 (8) అంటే ఆ టై బ్రేక్ 10-8. ఇది ఏడు పాయింట్ల టై బ్రేక్‌కు చెల్లే లెక్క.

చివరి తనిఖీ

38 + 21 + 22 + 57 = 138. మొత్తం సరిపోయి ఏదో ముక్కలో తేడా వస్తే ఒకరి టైటిల్ పక్క ముక్కలోకి వెళ్లినట్టు. మనుషుల లెక్క 15 + 12 + 19 + 23 = 69. లేవర్, న్యూకోంబ్ రెండు ముక్కల్లోనూ ఉన్నారు కాబట్టి రెండు తీసేయండి, 67. షీట్‌లో ఒక్కో పేరును ఒక్కసారే ఏరి చూపే ‘యునీక్’ ఫార్ములాతో 68 వస్తే ఎక్కడో ఒక పేరు రెండు రకాలుగా రాశారు. ‘జరగలేదు’ అన్న గడిని కూడా అది ఒక పేరుగా లెక్కపెడుతుంది, ముందు దాన్ని తీసి చూడండి.

రన్నరప్ వరస కూడా నింపి ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఫెదరర్ పేరు రెండు వరసల్లో కలిపి 12 సార్లు (8 గెలుపులు, 4 ఓటములు), జొకోవిచ్ 10 సార్లు (7, 3), బెకర్ 7 సార్లు (3, 4) రావాలి. శాంప్రస్ ఏడు ఫైనళ్లాడి ఏడూ గెలిచాడు, రన్నరప్ వరసలో ఆయన పేరు కనిపించకూడదు.

పరీక్షలకు చదివేవాళ్లు భారతీయుల సంగతిని ఈ పట్టికలో కలపొద్దు, వేరే కాగితం మీద పెట్టుకోండి. పురుషుల సింగిల్స్‌లో మనవాళ్లు అందుకున్న గరిష్ఠం సెమీఫైనల్: రామనాథన్ కృష్ణన్, 1960లో, 1961లో. రెండుసార్లూ ఆయన్ని ఓడించినవాడే ఆ యేటి విజేత అయ్యాడు, మొదట ఫ్రేజర్, తర్వాత లేవర్. రామనాథన్ 1954లో, రమేశ్ కృష్ణన్ 1979లో, లియాండర్ పేస్ 1990లో గెలిచినవి బాలుర సింగిల్స్. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2015లో గెలిచింది మహిళల డబుల్స్.

కొత్త ఏడాది వరస చేర్చినప్పుడల్లా విజేత పేరును టైప్ చేయకండి. పాత గడిలో ఆ పేరుంటే అక్కణ్నుంచే కాపీ చేయండి. తర్వాత 138, 57 రెండూ ఒక్కొక్కటి పెరిగాయో లేదో చూడండి. 67 పెరగాల్సింది విజేత కొత్తవాడైతేనే.