ఇంట్లో నమ్మని నొప్పికి ప్రభుత్వ వైద్యం: కడప జిల్లాలో 10 నుంచి 19 ఏళ్ల వారికి దరఖాస్తు విధానం

తలనొప్పి అంటే ఫోన్ పక్కన పెట్టమంటారు. కడుపునొప్పి అంటే పరీక్షలు దగ్గరపడ్డాయి కదా అని నవ్వుతారు. కళ్లు తిరుగుతున్నాయంటే పొద్దున అన్నం తినకుండా పోతే అట్లే అవుతుందంటారు. ఈ మాటల్లో కొన్నిసార్లు నిజమూ ఉండవచ్చు గాని, ఉందో లేదో తేల్చవలసింది వైద్యుడు. అమ్మానాన్నలు పట్టించుకోకపోవడానికి చాలా ఇళ్లలో కారణం ప్రేమ లేకపోవడం కాదు. బద్వేలు నుంచో జమ్మలమడుగు నుంచో పిల్లను తీసుకొని కడపకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఆ పైన ఏ పరీక్షలు రాస్తారో అన్న భయం ఉంటుంది. ఆ సంగతి మనసులో పెట్టుకొని, మీ అంతట మీరు ఎక్కడికి వెళ్లవచ్చో, ఏ కాగితం అడగాలో తెలుసుకోండి.

కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసు వారందరికీ వర్తిస్తుంది. చదువుతున్నారా, బడి మానేశారా, పెళ్లయిందా అన్న తేడా లేదు. పోషకాహారం, పునరుత్పత్తి ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, గాయాలు, హింస, బీపీ, షుగర్ వంటి జబ్బులు దాని పరిధిలోకి వస్తాయి. ఈ వయసు వారి కోసం ఉద్దేశించిన అడాలసెంట్ ఫ్రెండ్లీ హెల్త్ క్లినిక్‌లు ఈ కార్యక్రమం కిందివే. వీటికి వేరే దరఖాస్తు ఫారం ఏదీ లేదు. ఆస్పత్రిలో రాయించుకునే ఓపీ చీటీయే మీ దరఖాస్తు.

అందుకే చీటీ కంటే ముందు మరో కాగితం సిద్ధం చేసుకోవాలని నా సలహా. రెండు వారాల పాటు మీ బాధను తేదీతో సహా నోటుపుస్తకం చివరి పేజీలో రాయండి. "తలనొప్పి వస్తోంది సార్" అని చెబితే వైద్యుడు ఒక మాత్ర రాసి పంపవచ్చు. "బుధవారం రెండో పీరియడ్‌లో ఎడమ కణత దగ్గర మొదలైంది, వెలుతురు చూడలేకపోయాను, వాంతి అయినాక తగ్గింది, మొత్తం నాలుగు గంటలు ఉంది, ఈ నెలలో ఇది మూడోసారి" అని రాసి చూపిస్తే, ఇది మైగ్రేన్ కావచ్చా అని ఆలోచించడానికి ఆయనకు ఆధారం దొరుకుతుంది. ఆడపిల్లలు నెలసరి మొదలైన తేదీ, ఎన్ని రోజులు ఉంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చవలసి వచ్చింది, నొప్పి వల్ల బడి ఎన్ని రోజులు మానారు అన్నవి తప్పక రాయాలి. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, గుండె దడ కూడా ఈ పుస్తకంలోకి ఎక్కవలసినవే.

గ్రామంలో ఉన్నవారు ముందుగా విలేజ్ క్లినిక్‌కు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని వెళ్లవచ్చు. అయితే అక్కడి ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) మీ అమ్మకు తెలిసిన మనిషే అయి ఉంటుంది, సాయంత్రానికి విషయం ఇంటికి చేరుతుందన్న జంకు సహజం. అలాంటప్పుడు ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రికో, కడపలో ఇప్పటికీ అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికో ఉదయం ఓపీ వేళకు వెళ్లడం మేలు. కౌంటర్‌లో పేరు, వయసు, ఊరు చెప్పి, "పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లను చూసే క్లినిక్ ఏ గదిలో ఉంది?" అని అడగండి. ఆ పేరు అక్కడివారికి తెలియకపోతే జనరల్ మెడిసిన్‌కో, పిల్లల విభాగానికో, గైనిక్‌కో చీటీ రాయించుకోండి. చీటీకి డబ్బు కట్టనక్కరలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కౌంటర్ దగ్గర అభా నంబరు, అంటే ఆరోగ్య వివరాలను దాచే డిజిటల్ ఖాతా నంబరు, అడుగుతారు. ఆధార్‌తో కొత్తగా అభా తీయబోతే ఓటీపీ ఆధార్‌కు జతచేసిన ఫోన్‌కు వెళుతుంది. ఆ ఫోన్ చాలా ఇళ్లలో నాన్న చొక్కా జేబులో ఉంటుంది. పొలంలో ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఓటీపీ వస్తే ఆయన కంగారు పడటం ఖాయం. అభా స్వచ్ఛందమే గాని తప్పనిసరి కాదు కాబట్టి, అది లేకుండానే చీటీ రాయమని మర్యాదగా అడగవచ్చు.

చూపించుకోవడానికి, సాధారణ రక్త పరీక్షకు పెద్దవారు పక్కన లేకపోయినా చాలాచోట్ల ఇబ్బంది ఉండదు. శస్త్రచికిత్సకు, ఆస్పత్రిలో చేర్చుకోవడానికి మాత్రం 18 ఏళ్లు నిండని వారి విషయంలో సంరక్షకుల సంతకం అడుగుతారు. క్లినిక్‌లో చెప్పిన మాట గోప్యంగా ఉంచాలన్నది నియమమే అయినా దానికి ఒక హద్దు ఉంది: 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వైద్యుడు పోలీసులకు తెలియజేయక తప్పదు. ముందే తెలిసి ఉండటం మంచిదని ఈ మాట చెబుతున్నాను.

చీటీ మీద వైద్యుడు రాసినది, రక్త పరీక్ష రిపోర్టు, రెండూ పారేయకండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే, పదిహేనేళ్లు దాటిన మగపిల్లవాడికి 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తారు. ఆరు నెలలుగా "ఓపిక లేదు" అంటే సోమరితనం అనుకున్న తండ్రి, 8 అని అచ్చయిన కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాక ఆ మాట మళ్లీ అనడం కష్టం.

ఆస్పత్రికి ఒంటరిగా పోలేనివారికి బడి ద్వారా మరో దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు బడిలోనే ఆరోగ్య పరీక్షలు జరిపి, అవసరమైన వారిని పై ఆస్పత్రికి పంపాలి. పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారికి ఆరోగ్య రాయబారులని పేరు పెట్టారు. వారు ఎవరో కనుక్కోండి. ప్రధానోపాధ్యాయుల పేరిట తెల్ల కాగితం మీద ఇలా రాస్తే చాలు: "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, 9వ తరగతి విద్యార్థిని నమస్కరించి వ్రాయునది. నాకు రెండు నెలలుగా తరచూ కళ్లు తిరుగుతున్నవి. తేదీల వివరం జతపరిచాను. దయచేసి నాకు వైద్య పరీక్ష చేయించి, ఈ విషయం మా తల్లిదండ్రులతో తమరు మాట్లాడవలసినదిగా కోరుతున్నాను." కూతురు చెబితే వినని ఇంట్లో కూడా హెడ్మాస్టరు కబురు పెడితే చెప్పులేసుకొని బయలుదేరుతారు. ఈ దారి అందరికీ రుచించకపోవచ్చు గాని, మన ప్రాంతంలో దీని పని తీరు నాకు తెలుసు.

ఇక చివరి మెట్టు. చికిత్స అవసరమని వైద్యుడు రాసిచ్చాక కూడా ఇంట్లో ఇప్పించకపోతే, ఏ వేళనైనా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. రక్షణ అవసరమైన పిల్లల సంగతి చూసే జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు పిల్లలు తమంతట తాము కూడా వెళ్లవచ్చునని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. అందులో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. అర్జీతో పాటు ఓపీ చీటీ, రిపోర్టు, మీ తేదీల పేజీ నకళ్లు జతచేయండి. అసలు కాగితాలు ఎవరికీ ఇచ్చేయకండి. ఇంట్లో ఒక పూట గొడవ జరిగిందని మాత్రం ఈ మెట్టు ఎక్కవద్దు. మనసులోని బాధకు చీటీ కూడా అక్కరలేదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రేపటికి వాయిదా వేయకుండా ఆ నిమిషమే 14416కు ఫోన్ చేయండి.

పై విధానమేదీ పనికిరాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మగపిల్లలకు వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే వృషణం మెలిపడి ఉండవచ్చు, దాదాపు ఆరు గంటల్లోపు సరిచేయకపోతే అది దక్కడం కష్టం; సిగ్గుతో తెల్లవారేదాకా ఓర్చుకోకూడదు. కడుపునొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగితే అపెండిక్స్ కావచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడంతో పాటు వాంతులు, ఆయాసం తోడైతే షుగర్ ముదిరిన లక్షణం. ఇలాంటప్పుడు నేరుగా 108కి ఫోన్ చేయండి. ప్రాణాపాయంలో సంరక్షకుల సంతకం కోసం ఆగే వ్యవధి లేనప్పుడు సద్భావంతో చికిత్స చేసిన వైద్యుడికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ కల్పిస్తుంది కాబట్టి, అమ్మానాన్నలు వచ్చేదాకా ఆగమని ఎవరైనా అంటే ఆ మాట డ్యూటీ డాక్టరు చేత అనిపించమని అడగండి.